మర్నాడు కనబడిన నల్ల చార

కొత్త యంత్రం

గోదావరిఖనిలో మా గని దవాఖానకు అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చింది ఎనభైల చివరలో. అప్పటికి నేను అక్కడ ఎక్స్‌రే విభాగంలో డాక్టరుగా కుదురుకున్నాను. గనిలో దెబ్బ తగిలి వచ్చిన మనిషి కడుపులో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి అంతకుముందు మాకున్నవి చేతివేళ్ళు, నాడి, ఎక్స్‌రే, ఒక పొడవాటి సూది. ఎముక విరిగితే ఎక్స్‌రే చెప్పేది. లోపల నెత్తురు కారుతుంటే మాత్రం, ముఖం తెల్లబడి నాడి జారిపోయేదాకా ఎవరమూ కచ్చితంగా చెప్పగలిగేవాళ్ళం కాదు. అప్పటికి కొందరి విషయంలో చాలా ఆలస్యమయ్యేది.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను కనుక నా పదోన్నతులు, బదిలీల సంగతి వదిలేస్తున్నాను. అసలు పని ఏమిటో చెప్పడానికి ఒక్క కేసు చాలు. దానికి ముందు ఆ యంత్రం గురించి రెండు మాటలు.

దాన్ని బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన యువకుడు మాటకారి. "ఇక మీకు కనబడనిది అంటూ ఉండదు మేడమ్" అన్నాడు. అప్పుడే క్యాంటీనులో పూరీలు తిని వచ్చాడు. అతన్నే బల్ల మీద పడుకొని తన క్లోమం చూపించమన్నాను. కడుపు మీద జెల్లీ రాసుకొని, తల ఎత్తి తెర వంక చూస్తూ, ప్రోబ్‌ను అటూ ఇటూ తిప్పుకుంటూ పాపం చాలాసేపు వెతికాడు. తెర నిండా బూడిద రంగు మసక తప్ప ఏమీ లేదు.

"గాలి అడ్డం వస్తోంది మేడమ్."

"అయితే కనబడనిది ఒకటి దొరికింది" అన్నాను.

అతన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. శబ్ద తరంగం గాలిని దాటి వెళ్ళలేదు, ఎముకను దాటలేదు. తాకి తిరిగి వచ్చిన ధ్వనినే యంత్రం బొమ్మగా గీస్తుంది. తిరిగి రానిదాని గురించి దానికేమీ తెలియదు. ఈ సంగతి అర్థమైతే సగం విద్య వచ్చినట్టే. కాలనీలలో మాత్రం అప్పటికే మరో ప్రచారం మొదలైంది. దెబ్బ, జబ్బు, అబద్ధం, దేన్నయినా ఆ మిషన్ పట్టేస్తుందని. కడుపునొప్పి అని సెలవు అడిగినవాణ్ణి "మిషన్ల చూపిస్త బిడ్డా" అని బెదిరించే పైఅధికారులు కూడా ఉండేవారు. బొమ్మలో ఏమీ లేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదని వాళ్ళకు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. పుట్టబోయేది ఆడో మగో చెప్పమని వచ్చేవాళ్ళు వేరే. దానికి చట్టం రాకముందూ, వచ్చిన తర్వాతా నా జవాబు ఒక్కటే: ఆ ప్రశ్నకు ఈ గదిలో చోటు లేదు.

సర్జన్ గారి షరతు

మా పెద్ద సర్జన్ డాక్టర్ దేవసహాయం గారు బెల్లంపల్లి గని కుటుంబంలో పుట్టినవారు. తండ్రి, మేనమామ ఇద్దరూ భూమి కింద పనిచేసినవాళ్ళే. ఆయనకు కొత్త యంత్రాల మీద వ్యతిరేకత లేదు, భక్తి కూడా లేదు. యంత్రం వచ్చిన వారంలోనే నన్ను పిలిచి ఒక షరతు పెట్టారు.

"నువ్వు బొమ్మ చూసి ఏదైనా ఉందంటే, నేను కడుపు తెరిచినప్పుడు నువ్వు థియేటర్లోకి వచ్చి నీ కళ్ళతో చూడాలి. లేదన్నా సరే, తెరిచిన ప్రతిసారీ రావాలి. వస్తావా?"

"వస్తాను సార్."

"తప్పని తేలితే ముఖం దాచుకోకూడదు."

నా మీద ఎవరైనా పెట్టిన షరతుల్లో ఇంత విలువైనది మరొకటి లేదు. చాలాచోట్ల బొమ్మ చూసేవాళ్ళు ఒక గదిలో, కోసేవాళ్ళు మరో గదిలో ఏళ్ళ తరబడి ఉంటారు. ఒకరి తప్పు మరొకరికి తెలియదు. మా దగ్గర తెర మీద చూసినదాన్ని కొద్దిసేపటికే రంగుల్లో చూడవలసి వచ్చేది.

ఆయనతో కలిసి చేసిన ఒక పరీక్ష చెప్పాలి. కాలేయం చెడి కడుపులో నీరు చేరినవాళ్ళకు ఆయన సూదితో నీరు తీసేవారు. తీస్తున్నంతసేపూ నేను ప్రోబ్ పెట్టి చూసేదాన్ని. నీరు తెర మీద నల్లగా ఉంటుంది. తీసేకొద్దీ ఆ నలుపు సన్నబడి, చివరికి మాయమయ్యేది. "అయిపోయింది సార్" అనేదాన్ని. ఆయన రోగిని కాస్త పక్కకు ఒత్తిగిలించమని చెప్పి, మళ్ళీ లాగేవారు. ఇంకా నీరు వచ్చేది. చాలామందిలో ఇదే జరిగింది. తెర ఖాళీ అయినా కడుపు ఖాళీ కాదు. కొంత ద్రవం చేరేదాకా నా కంటికి ఏదీ కనబడదు. అది తెలిశాక "ఏమీ లేదు" అని రాయడం మానేశాను. "ఇప్పుడు, ఈ స్థితిలో, నాకు ద్రవం కనబడలేదు" అని రాయడం మొదలుపెట్టాను. చిన్న డాక్టర్లు దాన్ని చూసి నవ్వుకునేవారు.

ఓదెలు

తొంభైల మొదట్లో ఒక శనివారం, పొద్దుటి షిఫ్టు నడుస్తుండగా, ఓదెలు అనే కార్మికుణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారు. భూమి లోపల బొగ్గు టబ్బులను తాడుకు తగిలించే పని అతనిది. ఒక టబ్బు పట్టాల మీంచి జారి పక్కకు ఒరిగి, అతని ఎడమ పక్కటెముకలను పైకప్పుకు ఆనించిన దుంగకు నొక్కిపెట్టింది. ముప్పై దాటని మనిషి. మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. నాడి, రక్తపోటు బాగున్నాయి. ఎక్స్‌రేలో ఒక పక్కటెముక చిట్లింది. దేవసహాయం గారు నా దగ్గరికి పంపారు. కడుపంతా వెతికాను. ఎక్కడా నలుపు లేదు.

కాగితం మీద నా మామూలు వాక్యమే రాసి, మర్నాడు పొద్దున మళ్ళీ చూస్తానని చేర్చాను. వార్డుకు చేరేసరికి ఆ వాక్యంలో "ఇప్పుడు", "నాకు" రాలిపోయాయి. సాయంత్రానికి కాలనీ అంతా పాకిన మాట: మిషన్ల సాఫ్‌గ ఉన్నదట.

మైసమ్మ మొక్కు

ఆదివారం పొద్దున నేను వార్డుకు వెళ్ళేసరికి ఓదెలు చొక్కా వేసుకొని మంచం అంచున కూర్చున్నాడు. పక్కన భార్య లక్ష్మి, ఎదురుగా అన్న మల్లయ్య. మల్లయ్య అదే గనిలో సర్దార్. అంటే, మనుషులను పనిలోకి పంపే ముందు ఆ చోటు భద్రమో కాదో చూడవలసినవాడు. బయట వరండా చివర ఒక యాటపోతు అరుస్తోంది.

"డాక్టరమ్మా, నిన్న నువ్వే గద మిషన్ల చూసినవ్? సాఫ్‌గున్నదంటివి. ఇగ వీణ్ణి తీస్కపోతం" అన్నాడు మల్లయ్య.

గని ప్రమాదంలో ప్రాణంతో బయటపడితే, గని ముందున్న మైసమ్మకు యాటను బలి ఇవ్వడం అక్కడి ఆచారం. బయటపడినవాడు స్వయంగా వచ్చి నిలబడాలి. రామకృష్ణాపూర్ నుంచి అక్కా బావా పిల్లలతో సహా దిగారట. మసాలా నూరడం కూడా అయిపోయిందట.

"సాఫ్‌గా ఉందని నేననలేదు మల్లయ్యా. నాకు ఏమీ కనబడలేదు అన్నాను."

"రెండొకటే గద."

"ఒకటి కాదు."

"గిదేం లెక్కనమ్మా? ఉన్నదా లేదా? సొంత పూచీ మీద తీస్కపోతమని సంతకం పెడ్త, గంతే."

ఓదెలు కూడా అన్న పక్షమే. "నాకేం గాలేదమ్మా. మంచిగున్న."

"మంచిగున్నడట! పొద్దుగాల సంది భుజం భుజం అని మూలుగుతుండు" అంది లక్ష్మి. "దెబ్బ తాకింది పక్కబొక్కలకు, గుంజేదేమో ఎడమ భుజం. అడుగుతె దిండు మంచిగ లేదంటడు."

"నువ్వు జర సప్పుడు చెయ్యకు."

"సప్పుడు చెయ్యకుంటె యాటతోని పాటు నిన్ను గూడ మైసమ్మకిచ్చి వస్తరు."

పక్క మంచం మీది ముసలాయన పకపక నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎడమ భుజం నొప్పి అన్న మాట నాకు దిండు గురించి చెప్పలేదు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉంటుంది. అది చిట్లి నెత్తురు పైకి, ఊపిరి కండరం కిందికి చేరితే, ఆ కండరానికీ భుజానికీ మెడలో నరాల మూలాలు ఒకటే కనుక నొప్పి భుజంలో తెలుస్తుంది. నాడి పట్టి చూశాను. నిన్నటికంటే వేగం. అది కూడా రుజువు కాదు. ఇంటికి పోవాలన్న ఆత్రానికీ నాడి పెరుగుతుంది. కాని అతను గడప దాటితే తెలుసుకునే అవకాశమే పోతుంది.

"మల్లయ్యా, ఒకటి అడుగుతాను. షిఫ్టు మొదలయ్యేటప్పుడు కర్రతో రూఫ్ కొట్టి చూస్తావు కదా?"

"చూడకుంటె ఎట్ల? గట్టిగుంటె ఒక తీరు పలుకుతది, విడిసి ఉంటె ఒక తీరు."

"గట్టిగా పలికింది. తర్వాత బొగ్గు రాలగొట్టడానికి షాట్ పేల్చారు. మళ్ళీ కొట్టి చూడకుండానే మనుషులను పంపుతావా?"

"ఎవడన్న పంపుతడా?" అతనికి కోపం వచ్చింది. "షాట్ కొట్టినంక మొదాలు సూసింది లెక్కల్నే రాదు. మీద ఏమైందో ఎవలికెరుక?"

"మీ తమ్ముడికి టబ్బు తగిలిన కాసేపటికే నేను చూశాను. ఆ తర్వాత ఒక రాత్రి గడిచింది. లోపల ఏమైందో నాకూ ఎరుక లేదు."

మల్లయ్య మంచం దగ్గరికి జరిగాడు. తమ్ముడి ముఖం వంక ఈసారి కొంచెం ఎక్కువసేపు చూశాడు. తర్వాత వరండాలోకి తొంగి, "బావా, యాటకు ఇంత తుమ్మకొమ్మ వెయ్యి. ఇయ్యాలటికి బతికింది" అన్నాడు.

సూది, తెర

స్కానింగ్ గదిలో, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ మధ్య సన్నని నల్ల చార కనబడింది. నిన్న అక్కడ ఏమీ లేదు. ప్రోబ్ తీసి, ఓదెలును కదిలించి, మళ్ళీ పెట్టాను. చార ఉంది. దేవసహాయం గారిని పిలిపించాను.

"రక్తమా?" అన్నారు ఆయన.

"ద్రవం సార్. రక్తమని యంత్రం చెప్పదు."

"నువ్వేమంటావు?"

"నిన్న లేనిది ఇవాళ ఉంది. భుజం నొప్పి ఉంది. నాడి పెరిగింది. ఇంతకుమించి నా దగ్గర లేదు."

"నల్ల గీత చూసి కడుపు కోయలేనమ్మా."

ఆయన అన్నది న్యాయమే. ఓదెలును మళ్ళీ వార్డులో పడుకోబెట్టి, చర్మానికి మత్తు ఇచ్చి, కడుపులోకి సూది దించి లాగారు. ఏమీ రాలేదు. చోటు మార్చి లాగారు. సిరంజి ఖాళీగానే ఉంది.

"సూదిల ఏం రాలే! మిషన్‌దే తప్పు సార్!" మల్లయ్య గొంతులో నా మీద గెలిచిన సంతోషం కంటే తమ్ముడికి ఏమీ కాలేదన్న సంతోషమే ఎక్కువగా వినిపించింది. అందుకే నాకు మరింత కష్టమైంది. నేను ఊరుకుంటే ఆ ఇంట్లో పండుగే.

దేవసహాయం గారు నా వంక చూశారు. ఆయన సూది ఎన్నో ప్రాణాలు కాపాడింది, ఆయనకు దాని మీద నమ్మకం ఉండడంలో తప్పు లేదు. కాని సూది మొన ఉన్నచోటు సంగతే సూది చెబుతుంది. నెత్తురు గడ్డకడితే దానిలోకి ఎక్కదు. ఆ మాటే అన్నాను. చార పెరుగుతోందో లేదో చూస్తే తప్ప ఇద్దరిలో ఎవరిది సరి అనేది తేలదని కూడా అన్నాను.

"అయితే మళ్ళీ చూడు. కాని ఇతన్ని ఇక కదిలించకు. మిషన్‌నే ఇక్కడికి తే."

యంత్రానికి చక్రాలు ఉన్నాయి గాని, ఏసీ గది దాటించకూడదని దవాఖానలో కట్టడి చేశారు. బయట బొగ్గు దుమ్ము, నిలకడ లేని కరెంటు. నేను తటపటాయించడం చూసి ఆయన విసుక్కున్నారు. "అడిగితే నా పేరు చెప్పు. మనిషి కంటే మిషన్ సుకుమారమా?"

వార్డు మనుషులు స్టెబిలైజర్‌ను ఒక స్ట్రెచర్ మీద ఎక్కించి, రోగిలాగే దుప్పటి కప్పి, యంత్రం వెంట వరండా పొడుగునా తోసుకొచ్చారు. మా దవాఖానలో యంత్రం మంచం దగ్గరికి నడవడం అదే మొదటిసారి. ప్రోబ్ పెట్టాను. చార వెడల్పయింది. పొత్తికడుపులో, మూత్రాశయం వెనక, పొద్దున లేనిచోట మరో నలుపు. దేవసహాయం గారికి చూపించాను. ఆయన తెర వంక చూసి, ఓదెలు నాడి పట్టుకొని, మల్లయ్య వైపు తిరిగారు.

"మల్లయ్యా, లోపల కారుతోంది. తెరవాలి. రక్తం ఇచ్చేవాళ్ళను పిలువు."

మల్లయ్య చొక్కా చేతులు అక్కడే పైకి మడిచాడు. "మొదాలు నాది తీయుండ్రి సార్."

లక్ష్మి ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బతుకుతడా?" అంది.

"ఇవాళే తెలిసింది కనుక బతికే అవకాశం చాలా ఉంది" అన్నాను. తప్పకుండా అని నేను ఎవరికీ చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. ఆమె నా చెయ్యి వదలకుండానే తల ఊపింది.

రక్తమిచ్చే గది ముందు జనం నిండారు. కొందరు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు, కళ్ళ చుట్టూ తప్ప అంతా నల్లగా. టబ్బులను లాగే తాడు యంత్రం నడిపే ఖాజా అందరినీ తోసుకొని ముందుకొచ్చాడు.

"నాది పొయ్యుండ్రి. వీడు లేస్తనే ఉర్దూల తిడ్తడు, నాకు గూడ జర సమజైతది" అన్నాడు. నవ్వించబోతూనే సూది కోసం చెయ్యి చాచాడు.

థియేటర్లో

షరతు ప్రకారం నేనూ లోపలికి వెళ్ళాను. ప్లీహం వెనకవైపు చిట్లింది. దాని చుట్టూ గడ్డకట్టిన నెత్తురు ముద్దలు, వాటి అంచు నుంచి కొత్తగా కారుతున్నది. పొద్దుటి సూది ఎందుకు ఖాళీగా వచ్చిందో ఆ ముద్దలను చూస్తే అర్థమైంది. శనివారం ప్లీహం పొర కింద ఆగిన నెత్తురు, ఆ పొర చిరిగాక కడుపులోకి దారి చేసుకుందని దేవసహాయం గారు వేలితో చూపించారు.

"ఎంత ఉంటుందనుకున్నావు?" అన్నారు తల ఎత్తకుండా.

"గ్లాసుకు కాస్త ఎక్కువ."

"సీసా చూడు."

నెత్తురు లాగే సీసా దాదాపు నిండి ఉంది. ద్రవం ఉన్నదన్న నా మాట నిజమైంది. ఎంత ఉన్నదన్న నా ఊహ దగ్గరికి కూడా రాలేదు. ఆయన ఎత్తిపొడవలేదు, మెచ్చుకోనూ లేదు. "ఉందని చెప్పు. ఎంతో చెప్పకు. దానికి నాడి ఉంది" అన్నారు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పటికీ ఇదే చెబుతాను. యంత్రాలు ఎంతో మెరుగయ్యాయి, ఈ మాట మాత్రం మారవలసిన అవసరం కనబడలేదు.

ప్లీహం తీసేయక తప్పలేదు. మధ్యాహ్నం దాటేసరికి కుట్లు పడ్డాయి, నాడి నెమ్మదించింది. బయటికి వచ్చి చెప్పింది దేవసహాయం గారే. మల్లయ్య ఆయన కాళ్ళ మీద పడబోతే భుజాలు పట్టుకొని ఆపారు.

ఆ తర్వాత

యంత్రం మళ్ళీ ఎక్స్‌రే భవనం చివరి గదికి పోలేదు. క్యాజువాలిటీ పక్కన దానికి దేవసహాయం గారు చోటు ఇప్పించారు. కడుపుకు దెబ్బ తగిలి వచ్చినవాణ్ణి మొదటిసారి ఏమీ కనబడకపోయినా మళ్ళీ చూడాలన్నది మా దగ్గర అలవాటైంది. మా లెక్కలు చిన్నవి, వాటితో పెద్ద మాటలు చెప్పను. నేను కళ్ళారా చూసింది ఇంతే: ముఖం తెల్లబడేదాకా కాచుకొని కూర్చోవడం తగ్గింది.

ఊపిరితిత్తుల నిండా గాలి కనుక అక్కడ అల్ట్రాసౌండ్ పనికిరాదని నా చదువులో చెప్పారు, నేనూ పిల్లలకు చెప్పాను. తర్వాతి కాలంలో, ప్రమాద స్థితిలో ఉన్న రోగుల ఊపిరితిత్తులను మంచం పక్కనే ప్రోబ్‌తో పరీక్షిస్తున్నారని విన్నప్పుడు నమ్మలేదు. ఒక వార్డులో కూర్చుని, వాళ్ళు చెప్పినదాన్ని ఎక్స్‌రేలతో పోల్చి చూశాక నమ్మాను. గాలి అడ్డమొచ్చి గీసే పిచ్చిగీతలనే వాళ్ళు చదవడం నేర్చుకున్నారు. నమ్మకపోవడం మన పనిలో భాగమే. కాని నమ్మనివాడికి వెళ్ళి చూసే బాధ్యత ఉంటుంది.

ఓదెలు ఇంటికి వెళ్ళే ముందు ఆఖరుసారి స్కానింగ్‌కు వచ్చాడు, వెంట లక్ష్మి. కుట్లు తీసేశారు, భుజం నొప్పి లేదు. ఎక్కడా నలుపు లేదని నా పద్ధతిలోనే చెప్పాను. అతను తల తిప్పి తెర వంక చూశాడు.

"గా పలిగినదాన్ని తీసేసిండ్రు గదమ్మా. మరి గాడ ఇప్పుడేమున్నది? ఉత్త బొందేనా?"

"ఖాళీ లేదు. పక్కనున్న పేగు జరిగి వచ్చి ఆ చోటు నింపింది."

లక్ష్మి ఒక్క క్షణం ఆలోచించింది. "మన కాలనీ తీరే. క్వార్టర్ ఖాళీ అయిందని తెలుస్తె సాలు, తెల్లారేసరికి పక్కింటోడు మంచాలేసుకుంటడు."

ఓదెలు పక్కటెముకలు పట్టుకొని, "నవ్వియ్యకే, నొస్తది" అంటూనే నవ్వాడు. తెర మీద కాలేయం, మూత్రపిండం, కొత్తగా చేరిన పేగు అన్నీ కలిసి ఊగాయి. ఆ ఊపుకు బొమ్మ నిలవడం లేదు. ప్రోబ్‌ను అలాగే పట్టుకొని, అతని నవ్వు అయిపోయేదాకా ఆగాను.